జిగురు ఆమెది, జేజేలు ఆయనవి

మనం చేసిన పనికి పేరు ఇంకొకరికి రావడాన్ని మించిన అదృష్టం ఈ భూమ్మీద లేదు!

నవ్వకండి, పాఠక మహాశయులారా. చాలా సీరియస్‌గా మనవి చేస్తున్నాం. పేరొస్తే ఏమవుతుంది? ఫోన్లు మోగుతాయి. సలహాల కోసం జనం వెంటపడతారు. సెల్ఫీ దిగుదామంటూ ముక్కూ మొహం తెలియనివాళ్ళు భుజం మీద చెయ్యేస్తారు. మరి పేరు రానివాళ్ళకో? ప్రశాంతత! కల్తీ లేని, అచ్చమైన ప్రశాంతత!

నమ్మకం కలగకపోతే టెక్సస్‌లోని ఇర్వింగ్ దాకా వెళ్ళి నమ్రతను చూడండి.

నమ్రత వారమంతా లాస్ కొలీనాస్‌లో ఒక ఆఫీసులో డేటా ఇంజినీరు. శనాదివారాలు మాత్రం సొంత గ్యారేజీలో విమానాలు తయారుచేస్తుంది. నిజం విమానాలు కావు లెండి, రిమోట్‌తో ఎగిరే మోడల్ విమానాలు. చేతులు బార్లా చాపితే రెక్క ఈ చివరి నుంచి ఆ చివరికి సరిపోతుంది. ప్లాస్టిక్ ముక్కలు అంటించడం, అతుకులు నున్నగా రుద్దడం, రంగులు వేయడం, ఎగరేయడం, కూలితే మళ్ళీ అంటించడం, అన్నీ ఆమే.

మొదటి విమానం నిజానికి ఆమె భర్త శ్యామ్‌సుందర్‌కి పుట్టినరోజు కానుకగా వచ్చింది. ఆఫీసులో టీమంతా కలిసి కొనిచ్చారు. ఆయన ఉత్సాహంగా పెట్టె తెరిచాడు. లోపల ప్లాస్టిక్ చిప్పలు, వైర్లు, స్క్రూలు, కర్రపుల్లలు. "ఇందులో విమానం లేదే! కూలిపోయిన విమానం ఉంది!" అని మూసేసి గ్యారేజీలో పడేశాడు.

తర్వాతెప్పుడో దీపావళి లైట్ల కోసం వెతుకుతున్న నమ్రతకు ఆ పెట్టె దొరికింది. ఊరికే చూద్దామని తెరిచింది. చక్రం మీద తొడిగే మూత రెండు చిప్పలుగా ఉంది. రెండింటినీ కలిపి పట్టుకుని, అతుకు మీద ఒక్క చుక్క జిగురు వేసింది. ఆ చుక్క సన్నటి గీత వెంట దానంతట అదే ఈ కొస నుంచి ఆ కొసకి పరుగెత్తింది. చూస్తూ చూస్తూ ఉండగానే రెండూ ఒకటైపోయాయి. ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఆ రోజు వంటింట్లో కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో ఎవరికీ తెలియదు గానీ, పప్పు మాత్రం పాయసంలా తేలింది.

ఆ పనేమీ తేలిగ్గా పట్టుబడలేదు. మొదటిసారి ప్లాస్టిక్ కడగకుండానే పెయింటు వేసింది. రంగు అంచు తిన్నగా రావడానికి అంటించిన మాస్కింగ్ టేప్ లాగితే నాన్‌స్టిక్ పెనం మీద దోసెలా పెయింటు కూడా లేచొచ్చింది. కాక్‌పిట్ మీద ఉండే అద్దంలాంటి ప్లాస్టిక్ మూతను సూపర్‌గ్లూతో అంటిస్తే, ఆ ఆవిరికి మూతంతా పొగమంచు పట్టినట్టు తెల్లబోయింది. తెల్లబోయింది మూతే కాదు, నమ్రత కూడా! అయినా వదల్లేదు. గిన్నెలు తోమే సబ్బుతో కడిగింది. సన్న సాండ్‌పేపర్‌తో రుద్దింది. పలచగా ఒక పూత వేసి, ఆరనిచ్చి, మళ్ళీ పలచగా ఇంకో పూత వేసింది. చివరికి ఎర్రటి రంగు మీద తెల్లటి చారతో విమానం తయారైంది. గ్యారేజీ లైటు కింద అది మెరుస్తుంటే ఆమె ఏదో ఒక వంకతో లోపలికి వెళ్ళి చూసి వచ్చేది.

ఈ మహాయజ్ఞంలో శ్యామ్‌సుందర్ వాటా ఏమీ లేదనుకునేరు! కారు గ్యారేజీలోంచి బయటికి తీసి పెట్టింది ఆయనే.

ఊరి బయట విమానాలు ఎగరేసే మైదానం ఒకటుంది. అక్కడికి మొదటిసారి వెళ్ళిన రోజున, రిమోటూ బ్యాటరీలూ ఉన్న పెట్టె నమ్రత చేతిలో ఉంది. విమానం శ్యామ్‌సుందర్ చేతుల్లో ఉంది. చరిత్ర ఇలాంటి చిన్న చిన్న విషయాల దగ్గరే మలుపు తిరుగుతుంది.

క్లబ్బు పెద్దగా డ్వేన్ అనే రిటైరైన ఆయన ఉండేవాడు. ఆయన విమానం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "బ్యూటిఫుల్ పెయింట్ జాబ్!" అన్నాడు, శ్యామ్‌సుందర్ వైపు చూసి.

శ్యామ్‌సుందర్ విమానం వంక చూశాడు. నమ్రత వంక చూశాడు. నమ్రత నోరు తెరిచింది. ఈలోగా ఆయన, "థాంక్యూ!" అన్నాడు.

అంతే! ఆ ఒక్క మాటతో నమ్రత దశ తిరిగిపోయింది.

ఆ రోజు నుంచి ఆమెను పలకరించి విసిగించినవాడు లేడు. పెయింటుకి ముందు పూసే ప్రైమర్ ఏం వాడారని అడగాలన్నా శ్యామ్‌సుందర్‌నే అడుగుతారు. "మంచిదే వాడాం" అంటాడాయన. ఆ తెల్ల చార అంత తిన్నగా ఎలా వచ్చిందంటే, "ఓపిక కావాలండీ" అంటాడు. విమానం మీద తెల్ల చార ఉందన్న సంగతి ఆయనకి ఆ ప్రశ్న విన్నాకే తెలిసింది. నమ్రత రిమోట్ పట్టుకుని విమానాన్ని ఆకాశంలో గింగిరాలు తిప్పుతుంటే, డ్వేన్ శ్యామ్‌సుందర్ పక్కన చేరి, "భార్య చేతికి ఇచ్చేశావా? నీకు గుండె ధైర్యం ఎక్కువే, శామ్!" అని మెచ్చుకుంటాడు. చూశారా సౌఖ్యం? ఎగరేసేవాళ్ళకి ఏకాగ్రత ముఖ్యం. ఆమె ఏకాగ్రతను ఎవరూ పాడుచేయలేదు!

ఒక శనివారం ఉన్నట్టుండి ఈదురుగాలి లేచి విమానం ముక్కు నేలకేసి కొట్టుకుంది. ఆ ఒక్కరోజు మాత్రం ఎవరూ పొరబడలేదు. అందరి తలలూ టక్కున నమ్రత వైపు తిరిగాయి. డ్వేన్ వచ్చి శ్యామ్‌సుందర్ భుజం తట్టి, "సారీ, శామ్. ఎంత కష్టపడి చేసుకున్నావో!" అన్నాడు.

"పర్లేదు. మళ్ళీ చేసుకుంటాను," అన్నాడు శ్యామ్‌సుందర్, ఎంతో నిబ్బరంగా.

నమ్రత ఇంటికొచ్చి, పగిలిన ముక్కలు టేబుల్ మీద పరుచుకుని కూర్చుంది. ఆ సాయంత్రం ఆమె సాండ్‌పేపర్‌తో రుద్దిన రుద్దుడుకి ప్లాస్టిక్ కావలసినదానికన్నా ఎక్కువే అరిగింది.

ఇలా సాగుతున్న అదృష్టానికి పరాకాష్ఠగా ఒకరోజు ఛాయాదేవి ఫోన్ చేసింది. ఆవిడ స్థానిక తెలుగు సంఘానికి సాంస్కృతిక కార్యదర్శి. ఇర్వింగ్‌లో ఎవరికి ఏ కళ ఉన్నా ఆవిడ కంట్లో పడకుండా దాక్కోవడం కష్టం.

"నమ్రతా, మీవారి విమానాల వీడియో వాట్సాప్‌లో చూశానమ్మా! ఆయనతో ఒక వర్క్‌షాప్ పెట్టిద్దామని కమిటీ డిసైడ్ చేసింది. ప్లాస్టిక్ పార్ట్స్ ఎలా అంటించాలి, పెయింట్ ఎలా వెయ్యాలి, అన్నీ చేసి చూపించాలి. బిజీ అంటారేమో, నువ్వే ఒప్పించాలి సుమా!"

"ఆంటీ, అసలు అవి చేసేది..."

"తెలుసమ్మా, తెలుసు! నువ్వెంత సపోర్ట్ చేస్తావో నాకు తెలీదూ? గ్యారేజీ మొత్తం ఆయనకే వదిలేశావంట కదా! ఈ రోజుల్లో ఏ ఆడది వదుల్తుంది?"

నమ్రత ఫోన్ పెట్టేసి హాల్లోకి వచ్చేసరికి శ్యామ్‌సుందర్ తన ఫోన్‌లో ఏదో చూసి మురిసిపోతున్నాడు. అప్పటికే గ్రూపులో పోస్టర్ వచ్చేసింది. పోస్టర్ నిండా ఆయన ఫొటో.

"నేను కాదు, చేసేది తను అని చెప్పెయ్యండి," అంది నమ్రత.

"ఇప్పుడా? మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారు. పోస్టర్ కూడా వేసేశారు."

"అయితే?"

"అయితే ఏముంది? నాలుగు ముక్కలు నాకు నేర్పు. మేనేజ్ చేసేస్తా."

నేర్పింది. గ్యారేజీలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

"ఇది సూపర్‌గ్లూ. ఇట్టే పట్టేస్తుంది. అద్దంలా ఉన్న ప్లాస్టిక్ దగ్గరికి మాత్రం దీన్ని తీసుకెళ్ళకూడదు. మసకబారుతుంది. దానికి ఈ తెల్ల గ్లూ వాడాలి. ఆరాక అసలు కనపడదు."

"ఓకే. కనపడనిది సూపర్‌గ్లూ."

"కాదండీ! కనపడనిది తెల్లది."

"తెల్లగా ఉన్నది కనపడకపోవడమేంటి?"

పాఠం ముగిసేసరికి శ్యామ్‌సుందర్ బొటనవేలు సూపర్‌గ్లూ సీసా మూతకి అతుక్కుంది. నమ్రత నెయిల్ పాలిష్ రిమూవర్ తెచ్చి ఓపిగ్గా విడదీస్తుండగా, ఆయన మొహం వెలిగింది.

"ఐడియా! వెనకటికి మా రూమ్మేట్‌కి ఫోన్ ఇంటర్వ్యూ అయితే నేను పక్కన కూర్చుని ఆన్సర్లు అందించా. వాడికి జాబ్ వచ్చేసింది. ఇదీ సేమ్! నా చెవిలో ఇయర్‌బడ్ పెట్టుకుంటా. స్టాండ్ మీద ఫోన్ పెట్టి వీడియో కాల్ ఆన్ చేస్తా. నువ్వు బయట కార్లో కూర్చుని చూస్తూ చెప్పు. నువ్వు ఏదంటే అది, అక్షరం పొల్లుపోకుండా నేనూ అంటా!"

"నేను హాల్లోనే కూర్చుంటే ఏం?"

"అందరూ నీ పెదాలు కదలడం చూస్తారు."

నమ్రత ఎందుకు ఒప్పుకుందని మీరు అడగవచ్చు. ఆమె కూడా తనను తాను అదే అడిగింది. మైదానంలో జనం విమానాన్ని దూరం నుంచే చూస్తారు. ఇక్కడైతే టేబుల్ మీద ఉంటుంది. ఎవరో ఒకరు దగ్గరికొచ్చి, ఆ ముక్కు అతుకు మీద వేలు పెట్టి చూస్తారు. అది చాలనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం హాలు కిటకిటలాడింది. టేబుల్ మీద ఎర్ర విమానం, దానికి బిగించాల్సిన కొత్త అద్దం మూత, జిగురు సీసాలు, బ్రష్షులు. వెనకాల ఇస్త్రీ చొక్కాలో శ్యామ్‌సుందర్. బయట పార్కింగ్ లాట్‌లో, చెట్టు నీడన్నది లేని చోట, కారు ఇంజిన్ ఆన్ చేసుకుని ఫోన్ పట్టుకుని నమ్రత.

మొదట్లో అంతా అద్భుతంగా నడిచింది.

"ముందు ప్లాస్టిక్‌ని గిన్నెలు తోమే సబ్బుతో కడగాలి," అంది నమ్రత.

"ముందు ప్లాస్టిక్‌ని గిన్నెలు తోమే సబ్బుతో కడగాలి!" అన్నాడు శ్యామ్‌సుందర్.

ముందు వరసలో దివాకర్ అనే ఆయన కూర్చున్నాడు. ఏ మీటింగ్‌లోనైనా మొదటి ప్రశ్న ఆయనదే. "సార్, కడగడం ఎందుకు?" అన్నాడు లేచి.

కార్లో ఏసీ హోరులో నమ్రతకు ప్రశ్న సరిగా వినబడలేదు. "ఉండండి, ఏసీ తగ్గిస్తా," అంది.

"ఉండండి, ఏసీ తగ్గిస్తా," అన్నాడు శ్యామ్‌సుందర్.

"మీరాగండి సార్, నేను తగ్గిస్తా!" అంటూ ఒక వాలంటీర్ పరుగెత్తాడు. హాలు ఉడికిపోవడం మొదలైంది. ప్లాస్టిక్ పనికి ఉక్కపోత అవసరం కాబోలనుకుని కొందరు ఆ ముక్క కూడా రాసుకున్నారు.

కాసేపటికి నమ్రత కారు అద్దం మీద ఎవరో టకటకా కొట్టారు. సెక్యూరిటీ గార్డు. ఇంజిన్ ఆన్ చేసుకుని ఒక్కతే ఎండలో ఇంతసేపు ఎందుకు కూర్చుందో, ఒంట్లో బాగుందో లేదో కనుక్కుందామని వచ్చాడు పాపం. నమ్రత అద్దం దించి, "ఐ యామ్ ఫైన్. ఐ యామ్ వెయిటింగ్ ఫర్ మై హజ్బెండ్," అంది.

హాల్లో శ్యామ్‌సుందర్ బ్రష్ పైకెత్తి, సభనంతా కలయజూసి, గంభీరంగా, "ఐ యామ్ ఫైన్. ఐ యామ్ వెయిటింగ్ ఫర్ మై హజ్బెండ్," అన్నాడు.

రాసుకుంటున్నవాళ్ళ పెన్నులు ఆగిపోయాయి.

"సార్?" అన్నాడు దివాకర్.

ఫోన్ స్క్రీన్ మీద ఇదంతా చూసిన నమ్రతకు నవ్వు ఆగలేదు. స్టీరింగ్ మీద తల పెట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వి నవ్వి, తల ఎత్తి స్క్రీన్ చూసింది. మొగుడు బ్రష్ అలాగే పట్టుకుని, తర్వాతి మాట కోసం ఎదురుచూస్తున్నాడు. తను ఏదంటే అది అంటాడు. ఏదంటే అది!

నమ్రత నవ్వు ఆగిపోయింది.

"ఈ విమానం," అంది మెల్లగా.

"ఈ విమానం!" అన్నాడు శ్యామ్‌సుందర్, గండం గడిచినట్టు ఊపిరి పీల్చుకుని.

"తయారుచేసింది,"

"తయారుచేసింది,"

"నేను కాదు."

"నేను..." అని ఆగిపోయాడు.

స్టాండ్ మీదున్న ఫోన్ వంక చూశాడు. నమ్రత ఇంకేమీ అందించలేదు. శ్యామ్‌సుందర్ నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. చెవిలోని ఇయర్‌బడ్ తీసి జేబులో వేసుకున్నాడు.

"నేను కాదండీ. నమ్రత. మా ఆవిడ. మొత్తం తనే చేసింది. కారు బయటికి తియ్యడం తప్ప నాకేమీ రాదు. ఇందాకట్నుంచీ తను చెప్తుంటే నేను చెప్తున్నా. ఇప్పుడు కూడా బయట ఎండలో కార్లో ఉంది."

నమ్రత తన పేరు చెప్పమని అందించలేదు. ఆ మాట ఆయనదే. ఆమె ఇంజిన్ ఆపి, చున్నీ సర్దుకుని, కాలుతున్న తారు మీద గబగబా హాలు వైపు నడిచింది. తలుపు దగ్గరికి రాకముందే చప్పట్లు వినిపించాయి. ఎన్ని చప్పట్లు! ఒకటే హోరు! ఒక్క క్షణం తలుపు మీద చెయ్యేసి నిలబడి, లోపలికి అడుగుపెట్టింది.

సభంతా లేచి నిలబడి ఉంది. ఛాయాదేవి శాలువా కప్పుతోంది, శ్యామ్‌సుందర్‌కి!

"పదిమందిలో భార్యకి క్రెడిట్ ఇవ్వాలంటే ఎంత పెద్ద మనసుండాలండీ!" అంటోంది ఆవిడ మైకులో. "మగాడంటే ఇలా ఉండాలి! నా కళ్ళలో నీళ్ళొస్తున్నాయి!"

"సార్, మిసెస్‌ని ఎలా ఎంకరేజ్ చెయ్యాలో మాక్కూడా ఒక సెషన్ పెట్టండి సార్!" అన్నాడు దివాకర్.

గమనించారా, పాఠకులారా, ఆ శాలువా మహిమ? విమానం చేసినావిడకు రాలేదు. చేశానని చెప్పుకున్నన్నాళ్ళు ఆయనకీ రాలేదు. చేయలేదని చెప్పగానే వచ్చేసింది! మగవాడు నిజం చెప్పడం అంత అపురూపమైన కళ అన్నమాట. దానికి పెయింటు అక్కర్లేదు, ప్రైమర్ అక్కర్లేదు, ఆరేదాకా ఆగాల్సిన పని కూడా లేదు!

ఛాయాదేవి నమ్రతను చూసి, "రామ్మా, రా! ఎంత అదృష్టవంతురాలివో! ఇద్దరికీ కలిపి ఒక ఫొటో! కొంచెం అటు జరుగు, శాలువా కనపడట్లేదు," అంది.

నమ్రత జరిగింది. ఇంకొంచెం జరిగింది. అలా జరిగి జరిగి ఫొటోలోంచి బయటికి వచ్చేసి, టేబుల్ దగ్గర తేలింది.

అక్కడ ఒక అమ్మాయి ఒక్కతే నిలబడి ఉంది. పేరు అంకిత. ఈమధ్యే చదువు అయిపోయి ఉద్యోగంలో చేరింది. ఆమె విమానం మీదకి వంగి, ముక్కు అతుకు వెంట వేలితో నెమ్మదిగా రాస్తోంది.

"ఇదంతా మీరే చేసిండ్రా, అక్కా?"

"నేనే."

"ఎందుకు?"

నమ్రత తడబడింది. ఎలా చేశారని అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర బోలెడు జవాబులున్నాయి. ఎందుకని ఎవరూ, ఎప్పుడూ అడగలేదు.

"ఆఫీసులో నేను పొద్దున రాసింది సాయంత్రానికి ఎవరో మార్చేస్తారు," అంది ఆలోచిస్తూ. "అది ఎటు పోతుందో, ఎవరికి పనికొస్తుందో కూడా తెలీదు. ఇక్కడ రెండు ముక్కలు కలిపానంటే, అవి కలిసే ఉంటాయి. ఇదిగో, ఇప్పుడు నువ్వు వేలు పెట్టావే, అక్కడే విరిగింది. నీకు తెలిసిందా?"

"లేదక్కా! అస్సలు తెలుస్తలేదు!"

"అది నాకు భలే ఇష్టం," అంది నమ్రత. అని, ఇక ఆగలేకపోయింది. దోసెలా లేచొచ్చిన పెయింటు గురించి చెప్పింది. మసకబారిన మూత గురించి చెప్పింది. తెల్ల గ్లూ తీసి, కొత్త మూత అంచున సన్నగా గీసి, విమానానికి బిగించి టేపు వేసి చూపించింది. మొదటిసారి విమానం తన చేతిలోని రిమోట్ మాట విని పైకి లేచిన సంగతి కూడా చెప్పింది. వాలంటీర్లు కుర్చీలు మడతపెట్టేస్తున్నారు. సమోసాలు అయిపోయాయి. ఆమె ఇంకా చెబుతూనే ఉంది. అంకిత ఇంకా అడుగుతూనే ఉంది.

ఎప్పుడొచ్చాడో, భుజం మీద శాలువాతో శ్యామ్‌సుందర్ వాళ్ళ వెనకాల నిలబడి ఉన్నాడు. ఈసారి ఒక్క మాట కూడా తిరిగి అనకుండా అంతా విన్నాడు.

ఇంటికి వెళ్ళేటప్పుడు కారు ఆయనే నడిపాడు. హైవే ఎక్కాక మెల్లగా అన్నాడు.

"నీకిది ఇంత ఇష్టమా? నాకెప్పుడూ చెప్పలేదే!"

అంతసేపు మాట్లాడటం అలవాటులేక నమ్రత గొంతు బొంగురుపోయింది.

"మీరెప్పుడు అడిగారండీ?"

శ్యామ్‌సుందర్ చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది. జవాబు అందించడానికి అక్కడ ఎవరూ లేరు.